చిన్నపోలయ్య మౌనభంజన విజయము

వినుడు, సహృదయులారా! సెల్లుఫోనులను కొంతసేపు జేబులలో నిద్రపుచ్చి, చెవులను మాత్రము మేలుకొలిపి వినుడు! ముందుగా వాగ్దేవిని తలతును. తల్లీ, ఒకే ఒక్క మాట కొఱకు ఊరు ఊరంతయు పడిన పాట్లను చెప్పవలసి యున్నది, నాకు మాత్రము మాటలకు కరవు రాకుండ చూడుము.

సమస్తమత్స్యసంతానక్షేమంకరమగు వేటనిషేధకాలము ముగింపునకు వచ్చి, జ్యేష్ఠమాసపు ఎండ మాత్రము ముగియుటకు ఒప్పుకొనక, పడమటిగాలి ఇసుకను లేపి ఉడుకుచున్న కూరలలో ఉప్పువలె చల్లుచున్న వేళ, ఆంధ్రదేశమున, నెల్లూరు సీమలో, కావలికి తూర్పుగా, బోగోలు దాటి, రొయ్యలగుంటల నడుమ గతుకుల త్రోవను షేరు ఆటోలో ఒడలు హూనము చేసికొనుచు పోగా పోగా కనవచ్చు తూర్పుపాళెమను పట్టపు జాలరుల పల్లెయందు, పూర్వము ఏ రాజును చేయనట్టిదియు, ఇకమీదట ఏ రాజునకును చేయ బుద్ధిపుట్టనట్టిదియు నగు మహాసంగ్రామము ఒకటి జరిగెను. అది భూమి కొఱకు కాదు, పదవి కొఱకు కాదు. ఒక చిన్న సినిమా బాగున్నదా, బాగుగా లేదా యని తేల్చుట కొఱకు. రాజ్యము కొఱకు కొట్టుకొన్నవారి కథలు మీరు చాల వినియుందురు. వారికేమి, గెలిచిన రాజ్యము వచ్చును. మావారికి వచ్చునది ఏమియు లేదు. కావున వీరే అసలు వీరులని నా పక్షము.

ఆ సినిమాను తీసినవాడు నాయుడుపేట వాస్తవ్యుడు, టోపీని వెనుకకు త్రిప్పి పెట్టుకొనువాడు, సన్నని మెడయు పెద్ద ఆశయు కలవాడు, కిషోర్ బాబు అను యువకుడు. ఏ నిర్మాతయు వాకిట నిలువనీయకపోగా, స్నేహితుని కెమెరాతో, మఱియొక స్నేహితుని కారుతో, అందఱి ఓపికతో, వేటనిషేధమునకు ముందు దినములలో తూర్పుపాళెములోనే మకాము వేసి 'ఐసుగడ్డ కరిగేలోగా' అను చిత్రమును పూర్తిచేసెను. అది ప్రేమను, హత్యను ఒకే కుండలో వండిన చిత్రము. కథ ఇది. ఐసు ఫ్యాక్టరీలో పనిచేయు నాయకుడు, ఒడ్డున పీతలను గూర్చి పరిశోధన చేయు నాయికను వలచును. ఉంగరమును ఐసుగడ్డలో గడ్డకట్టించి ఆమెకు కానుకగా కొనిపోవుచుండగా, ఎవరో ఆ గడ్డను దొంగిలించి, దానితోనే ఒక పడవ యజమానిని నెత్తిమీద మోది చంపుదురు. ఆయుధము కరగిపోవును. కరగగా మిగిలిన ముక్కలను ఇన్‌స్పెక్టరు తెలియక నన్నారి షర్బత్తులో వేసికొని త్రాగును. ఉంగరము ఆయన కడుపులోనికి పోయెనో, సముద్రములోనికి పోయెనో దర్శకుడు చెప్పడు. హంతకుడెవరో అసలే చెప్పడు. కడపట నాయికానాయకులు పడవమీద ఎడమొగము పెడమొగముగా కూర్చుండి ఒక చందువ చేపను చాలసేపు చూతురు. చేపయు వారిని చూచును. అంతటితో శుభం.

ఇందులో చచ్చిన పడవ యజమానికి భార్యగా నటించినది కామమ్మ. ఈమె చేపలబుట్ట నెత్తినబెట్టుకొని కావలి వీథులలో కేక వేసిన, ఆ కేకకు మేడమీది కిటికీలు తమంత తామే తెఱచుకొనును. ఊరిలో మఱి యే యాడుదియు ఆ పాత్రకు ఒప్పుకొనలేదు. బొట్టు తీసి, మగని శవముమీద పడి ఏడువవలసిన పాత్ర అది. సముద్రముమీద బ్రతుకు ఊరిలో అట్టిది ఆటకైనను ఎవరు చేయుదురు? కిషోర్ బాబు కాళ్ళావేళ్ళా పడగా కామమ్మ జాలిపడి ఒప్పుకొనెను. పెనిమిటికి మాత్రము, "ఊరికే నిలబడే యేషం లే" అని చెప్పి ఊరుకొనెను. ఇక్కడనే సంగ్రామబీజము పడినది.

ఆ పెనిమిటి పేరు చిన్నపోలయ్య. మితభాషులలో మేటి, మౌనదుర్గాధిపతి, వలవేయుటలో దిట్ట, మాట వేయుటలో మహాలోభి. వాన వచ్చునట్లున్న ఆకాశమువైపు గడ్డము ఎత్తును. ఆకలియైన పళ్ళెమువైపు గడ్డము త్రిప్పును. ఆ గడ్డముతోనే ఆయన సంసారము ఇన్నేండ్లు సాగినది.

వేటనిషేధపు కడపటి సాయంకాలమున, చేపల వేలంపాట జరుగు షెడ్డుకు తెల్లదుప్పటి కట్టి, ఊరినంతటిని ఇసుకలో కూర్చుండబెట్టి, కిషోర్ బాబు తన చిత్రమును చూపెను. కామమ్మ తెరమీదికి వచ్చెను. బొట్టులేని మొగముతో వచ్చెను. వచ్చి ఏడ్చెను. ఊరంతయు ఉలిక్కిపడి చిన్నపోలయ్యవైపు చూచెను. ఆయన తెరవైపే చూచుచుండెను. సినిమా ముగియగానే లుంగీకి అంటిన ఇసుకను దులుపుకొని, మారుమాటాడక ఇంటికి పోయెను. అన్నము పెట్టిన తినెను, నీళ్ళు ఇచ్చిన త్రాగెను. గడ్డమైనను కదల్చలేదు. ఊరు మెచ్చుటయు లోకము మెచ్చుటయు కామమ్మకు పట్టలేదు. ఆ మనిషి మెచ్చెనా, నొచ్చెనా? ఆ ఒక్కటి తెలిసిన చాలును. అది తెలియక ఆమెకు ప్రాణము విలవిలలాడెను.

మఱునాడు ప్రొద్దున, చాలదినములకు సముద్రద్వారములు తెఱచుకొన్న శుభఘడియలో, పడవలకు పసుపుకుంకుమలు పెట్టి, కొబ్బరికాయలు కొట్టి, అడుగున ఐసు నింపి, ఇక నీటిలోనికి త్రోయుటయే తరువాయిగా ఊరు నిలిచియుండగా, కిషోర్ బాబు చేతిలో ఫోను పట్టుకొని, నవ్వుమొగముతో, తాను ఏ పుట్టలో చేయి పెట్టుచున్నాడో ఎఱుగక, గంగులయ్య యొద్దకు వచ్చెను. గంగులయ్య ఆ ఊరికి పెద్దకాపు. అనగా కులపెద్ద. తలపాగా లేనిదే తుమ్మనైన తుమ్మడు.

"పెద్దకాపు గారూ, సినిమా గురించి మీ ఊరు ఏమనుకుంటోందో ఒక్క ముక్కలో చెప్పండి. పోస్టరు మీద వేసుకుంటాను. అట్లాంటి పోస్టరు ఒకటి తెస్తే శుక్రవారం పొద్దున ఆట ఇస్తామని కావలి హాలు వాళ్ళు అన్నారు."

గంగులయ్య మొగము గంభీరమయ్యెను.

"నా మాట అడిగినావా, ఊరిమాట అడిగినావా?"

"ఊరిమాటే అండీ."

"అట్లనా. నా మాట అడిగుంటే నిలబడినకాడనే చెప్పి పంపించేవోణ్ణి. ఊరిమాటంటే ఊరు కూర్చోవాల. కూర్చున్నాక మాట తేలేదాకా పడవ కదిలేదానికి లేదు."

"అయ్యయ్యో! అంత పెద్ద విషయం కాదండీ. వదిలేయండి, నేనే ఏదో ఒకటి రాసుకుంటా."

"ఊరి మాటను నువ్వు రాసుకుంటావా?" అని పెద్దకాపు కన్నులెఱ్ఱ చేసెను. "అడిగినాక ఎనక్కి తీసుకునేది ఈ ఊళ్ళో లేదు నాయనా. ఆ పక్కన నీడలో కూర్చో."

తెలియనివారికి చెప్పుదును. ఆ పల్లెలో పెద్దకాపు చాటించు ఊరికట్టుబాటును దురాయి యందురు. వల వేయు హద్దు కానిండు, అన్నదమ్ముల తగవు కానిండు, పెండ్లిముహూర్తము కానిండు, దురాయి పడిన తరువాత ఊరికంతటికి ఒకే నోరు. దానిని దాటి తన సొంత అభిప్రాయము చెప్పినవాడు వేలంపాట షెడ్డును పొలుసుతోసహా ఒంటరిగా కడుగవలెను. సగముమంది ఔనని, సగముమంది కాదని, ఎవరి దారిని వారు ఇంటికిపోవు నాగరికత తూర్పుపాళెమునకు ఇంకను చేరలేదు. సినిమాలను గూర్చి తలకొక మాట చెప్పుకొని లోకము సుఖముగా బ్రతుకుచున్నదని వారికి ఎవరును చెప్పలేదు. చెప్పినను నమ్మెడివారు కారు.

దురాయితప్పెట మ్రోగెను. పడవలు ఒడ్డుననే నిలిచెను. వేలంపాట షెడ్డులో మూడు సేనలు మోహరించెను.

ప్రథమసేనకు నాయకుడు హెబ్రోను. ఊరి చివర ఐసు ఫ్యాక్టరీలో పనివాడు, ఆదివారము చర్చిలో మైకు లేకుండ పాడువాడు, శీతలవజ్రహస్తుడు. అతడు బెంచీమీదికి ఎక్కి, ఉభయహస్తములు చాచి, తరంగఘోషను మించు కంఠముతో ఇట్లు గర్జించెను.

"అన్నలారా, అక్కలారా! పోలీసోడు హీరో అయినాడు. రౌడీ హీరో అయినాడు. ఆఖరికి దెయ్యం కూడా హీరో అయింది. ఐసోడు ఎప్పుడైనా అయినాడా? ఈ లోకంలో ఐసోడి గురించి ఆలోచించిన మొదటి మనిషి ఈ టోపీ అబ్బాయే! ఐసు లాగే కొక్కేన్ని తెరమీద అంతలావున చూపిస్తే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. మా ఆడది నా వైపు చూసింది, నన్ను మొదటిసారి చూసినట్టు చూసింది. సంపిందెవరో దేవుడికి తెలుసు. మనకెందుకు? సినిమా బాగుంది. బాగుంది. బాగుంది!"

"ఆమేన్!" అని అతని సేన అఱచెను.

ద్వితీయసేనాని ఓబులేసు అంతట లేచెను. సినిమాలో శవము పడియున్న పడవ ఇతనిదే. మీసములు రెండును రెండు చుక్కానులవలె అటు నిటు త్రిప్పుచు, క్రోధారుణలోచనుడై, పైగుడ్డను నేలకు విసరికొట్టి, ఇట్లు గర్జనకు ప్రతిగర్జన చేసెను.

"ఐసోడికి ఐసు కనపడింది, సంబరంగా ఉండాడు. నా సంగతేంది? నా పడవలో శవాన్ని పండబెట్టినారు. 'ఓబులేసన్నా, నీ పడవలో శవం పండబెడతాం' అని ఒక్కమాట చెప్పినారా? పాట తీస్తామని చెప్పినారు! ఆ చదువుకున్న పిల్ల చెప్పులేసుకోని పడవెక్కింది. చెప్పులేసుకోని! నేను పసుపునీళ్ళు పోసి కడుక్కోలేక చచ్చినా. అదన్నా ఓర్చుకుంటా. సంపిందెవరో చెప్పకుండా అయిపోయిందంటే ఎట్టా? నడుములు పడిపోయేదాకా ఇసకలో కూర్చోబెట్టినావే, ఆ సంపినోడి పేరొక్కటి చెప్పేదానికి నీకేం నొప్పి? నిన్నటికాణ్ణించి పక్కింటోణ్ణి కూడా అనుమానంగా చూస్తుండా. బాగాలేదు. అసలు బాగాలేదు!"

ఆ పక్కింటివాడు కొంచెము దూరము జరిగి కూర్చుండెను.

తృతీయసేన స్త్రీలది. దానికి నాయిక రోజారమణి, వేలంపాటలో ఆమె పాట పాడిన తరువాత మఱియొకరు పాట పెంచుట చరిత్రలో లేదు. ఆమె లేవను కూడ లేదు. కూర్చున్నచోటనే ధనుష్టంకారమువంటి కంఠమును సవరించెను.

"ప్రేమ బాగుండాది. సంపుడు బాగాలేదు. ఆ పిల్లోడు ఉంగరాన్ని ఐసులో పెట్టి తీసకపోయేది ఉంది చూడూ, అబ్బబ్బ! మా ఆయన పెళ్ళైనకాణ్ణించి నాకు ఐసులో పెట్టి చేపలిచ్చినాడే గానీ ఉంగరం ఇచ్చింది లేదు. ఆఖర్లో ఇద్దరూ ఏం మాట్టాడుకోకుండా చేపను చూస్తుండారు. అది మీకెవరికీ అర్థం కాలా. నాకు బాగా అర్థమైంది. మా ఇంట్లో రోజూ అంతే. ఊరిమాట అడిగితే సగం బాగుండాదని చెప్పండి."

"సగం అనేది మాట కాదు," అని గంగులయ్య త్రోసిపుచ్చెను. "ఊరు ఒకటే మాట చెప్పాల."

ఇక చూడుడు! ఉభయ, కాదు కాదు, త్రయసేనలును ఒండొంటిపై విఱుచుకొనిపడగా, తువ్వాళ్ళు కేతనములై ఎగురగా, చేపలబుట్టలు డాలులై లేవగా, హెబ్రోను సేన "ఐసు కరిగిపోయేదే కవిత్వం" అని ఎలుగెత్తగా, ఓబులేసు సేన "కవిత్వం ఎవరినైనా సంపిందా, సంపినోడి పేరు చెప్పు" అని ఎదుర్కొనగా, సాక్ష్యమును త్రాగినవాడే దోషియని ఇన్‌స్పెక్టరుపై ఒకరు నేరము మోపగా, ఆ నాయికకు పీతలపై అంత శ్రద్ధ ఎందుకని మఱియొకరు ఆమెను శంకింపగా, వృద్ధులలో ఒకడు అంతయు చూచినది చందువ చేప గనుక దానిని నిలదీయవలెనని తీర్మానింపగా, అదివఱకు సినిమా చూచుచు నిద్రపోయినవారు సైతము నిద్రపోనివారికంటె ఎక్కువ పట్టుదలతో పోరాడగా, ఆ కోలాహలమునకు షెడ్డు పైకప్పుమీది కాకులు వేఱు ఊరు వెదకికొని పోయెను. కిషోర్ బాబు నీడలో కూర్చుండి, ఒకప్పుడు గర్వముతోను, ఒకప్పుడు భయముతోను, టోపీని ముందుకు త్రిప్పుచు వెనుకకు త్రిప్పుచు ఉండెను. తన సినిమాను ఇంత మంది ఇంత శ్రద్ధగా తిట్టుదురని అతడు కలనైనను అనుకొనలేదు.

ఇంతలో ఒడ్డునుండి కేక వినవచ్చెను. పడవలలో నింపిన ఐసు కరుగుచున్నది! పడవల అడుగునుండి సన్నని ధారలు ఇసుకలోనికి జాఱుచున్నవి. అది చూచిన హెబ్రోను మొగము సున్నము వేసినట్లు తెల్లబడెను. తన చేతులతో తీసిన ఐసు అది. ఐసు కరిగిపోయిన వేట లేదు, వేట లేనిదే ఇండ్లలో పొయ్యి లేదు. కవిత్వమును గూర్చి అతడు మఱల మాటలాడలేదు.

అప్పుడు గంగులయ్య లేచెను. తలపాగాను విప్పి మఱల చుట్టుకొనెను. అది ఆయన బ్రహ్మాస్త్రము తీయుటకు ముందు చేయు పని.

"ఇందాకటినుంచి నోరు తెరవనోడు ఈడ ఎవరుండారు?"

అందఱి చూపులును ఒకేచోట పడెను. షెడ్డు స్తంభము ప్రక్కన, వలల కుప్పమీద, చిరిగిన వలకన్నును దారముతో కుట్టుచు, చిన్నపోలయ్య కూర్చుండియుండెను.

"ఏ పక్కనా చేరనోడు ఇతనొక్కడే. చిన్నపోలయ్య ఏం చెప్తే అదే ఊరిమాట. సమ్మతమేనా?"

సమ్మతమని మూడు సేనలును ఒక్కమారుగా పలికెను. ఏలయనగా మెత్తనివాడు గనుక తన ప్రక్కకే యని హెబ్రోను తలచెను. ఆలు బొట్టు తీసి నిలబడుటను చూచిన మగడు బాగున్నదని చచ్చినను అనడని ఓబులేసు ధైర్యపడెను. ఇంటిలో మాటలాడని మగవాండ్రందఱు చేపను చూచువారే గనుక తన మాటయే నెగ్గునని రోజారమణి నవ్వుకొనెను. కామమ్మ మాత్రము ఆడువారి వెనుక నిలిచి, కొంగును వ్రేలికి చుట్టుకొనుచుండెను. ఊరంతటికి కావలసినది ఊరిమాట. ఆమెకు కావలసినది మగని మాట. రెండును ఆ ఒక్క నోటనే చిక్కుకొనియున్నవి.

అంతట ఆ నోటికి ముట్టడి ప్రారంభమయ్యెను. ఎన్ని కోటలు కూలినను ఆ నోరు కూలలేదు. హెబ్రోను దగ్గఱకు వచ్చి, "చిన్నపోలన్నా, ఈ యేడంతా నీ పడవకు మంచి గట్టి గడ్డలు నేనే ఏరి పంపిస్తా, ఒక్క మాట" అనెను. చిన్నపోలయ్య దారము కొఱికెను. ఓబులేసు భుజముమీద చేయివేసి, "మామా, నీ కడుపులో మంట నాకు తెలుసు, కక్కేసేయ్" అనెను. చిన్నపోలయ్య మఱియొక ముడి వేసెను. రోజారమణి, "ఏమయ్యా, తలకాయన్నా ఊపు, మేం అర్థం చేసుకుంటాం" అనెను. తలయు ఊగలేదు. కిషోర్ బాబు వచ్చి, "అన్నా, నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, నేనేమీ అనుకోను" అని అబద్ధమాడెను. పడవల క్రింది ధారలు లావయ్యెను. ఎండ నడినెత్తికి వచ్చుచుండెను.

అప్పుడు, సభామధ్యమును చీల్చుకొని, చేపలబుట్టను ఒక ప్రక్కకు తన్ని, కొంగు నడుమునకు బిగించి, కామమ్మ మగనియెదుట నిలిచెను. ఆమె కంఠము ఎప్పటివలె ఖంగుమనలేదు.

"ఏమయ్యా! నిన్న సాయంత్రంకాణ్ణించి నీ నోట్లో మాట లేదు. అన్నం పెడితే తిన్నావు, నీళ్ళు పెడితే తాగినావు. ఏంది నీ కోపం? నేను బొట్టు తీసి నిలబడినా. నీకు చెప్పకుండా నిలబడినా. తప్పే. తప్పని చెప్పు. తిట్టు, కొట్టేదానికొస్తే చూసుకుందాంలే, ముందు తిట్టు. ఈ ఊరి ముందరే తిట్టు. ఇట్టా ఊరుకుంటే మాత్రం నేను తట్టుకోలేను. నువ్వు మాట్టాడని మనిషివని తెలిసే చేసుకున్నా. కానీ ఇది ఆ ఊరుకోవడం కాదు. నాకు తెలీదా?"

చిన్నపోలయ్య వలను ప్రక్కన పెట్టెను. లేచి నిలువబడెను. తుప్పుపట్టిన తలుపు తెఱచుకొన్నట్లు, ఆయన గొంతు సవరించుకొనుటకే కొంతకాలము పట్టెను.

"నాకు కత తెలవదు," అని ఆయన మొదలుపెట్టెను. "సంపిందెవరో తెలవదు. నేను చూసింది ఒకటే. కామమ్మ ఏడ్చింది."

ఆయన సముద్రమువైపు తిరిగి, మాటను మఱల అందుకొనెను.

"నేను బతికుండంగానే నా చావు చూసినట్టుండింది. నేను సముద్రం మీద పోతే ఇది నాలుగు దినాలు ఏడ్చి, మళ్ళా బుట్ట ఎత్తుకోని కావలికి పోతది అనుకుంటా ఉన్నా ఇన్నాళ్ళూ. పోవాల గూడా. కడుపు నిండాల గదా. కానీ అట్టా ఏడస్తదని నాకు తెలవదు. చూసినాక ఏం మాట్టాడాల? నాకు రాలా. అందుకే ఊరుకున్నా. కోపమేం లేదు."

కామమ్మ కన్నులు నిండెను. ఆమె దానిని దాచుకొనలేదు, కాని ఊరకయు ఉండలేదు.

"నాకు ఏడిచేది వచ్చునా? ఈ అబ్బాయి ఏడువు ఏడువు అంటే ఏడ్పు రాలా. కళ్ళల్లో ఏందో మందు కూడా పోసినాడు, మంట తప్ప ఏడ్పు రాలా. అది ఏ దినమో తెలుసా? గాలి లేచిన దినం. అందరి పడవలూ ఒడ్డుకొచ్చినాయి, నీది రాలా. ఆ శవం యేషమోణ్ణి చూడమంటే నేను వాడి మీదినుంచి సముద్రంవైపు చూసినా. నీ పడవ కనపడలా. అంతే. ఇక ఆపమన్నా ఆగలా. సాయంత్రానికి నువ్వొచ్చి, తడిగుడ్డలతో గుమ్మంలో నిలబడి, 'కూరేంది' అన్నావు!"

కిషోర్ బాబు నోరు తెఱచుకొనిపోయెను. ఆ ఏడ్పును అతడు తన దర్శకత్వప్రతిభగా భావించి, నాయుడుపేటలో అందఱికిని చెప్పుకొనియుండెను. రోజారమణి ముక్కు చీదెను. ఓబులేసు మీసము తుడుచుకొనుచున్నట్లు నటించి కన్నులు తుడుచుకొనెను. ఆలుమగలిద్దఱును ఒకరినొకరు చూచుకొని, ఊరున్నదని గుర్తువచ్చి, సిగ్గుపడి, చెరియొకవైపు చూచిరి.

ఈ కథ ఇక్కడనే ముగిసియుండవచ్చును. కాని గంగులయ్య పెద్దకాపు గదా.

"అదంతా మీ ఇంటి సంగతి. మీరు మీరు చూసుకోండి. ఊరిమాట కావాల. ఐసు కరిగిపోతుండాది. సినిమా ఎట్టుంది?"

అప్పుడు, గాలి ఆగెను. కాకులు తిరిగివచ్చి పైకప్పుమీద వ్రాలెను. అలలు సైతము ఒడ్డుకు వచ్చియు, చప్పుడు చేయక, వినుటకై నిలిచినవని నేను చెప్పుదును, కాదనువారు వచ్చి చూపుడు. చిన్నపోలయ్య ఆకాశమును చూచెను, భూమిని చూచెను, సముద్రమును చూచెను. కడపట భార్యను చూచెను. అధరములు కదలెను.

"పర్వాలేదు."

దురాయితప్పెట మ్రోగెను. "తూర్పుపాళెం ఊరిమాట! ఐసుగడ్డ సినిమా పర్వాలేదు! దీన్ని దాటినోడు షెడ్డు కడగాల!" అని చాటింపు పడెను. మూడు సేనలును ఒకేసారి జయజయధ్వానములు చేసెను. పర్వాలేదన్నచో బాగున్నట్లే గదా యని హెబ్రోను. బాగుందని అనలేదు గదా యని ఓబులేసు. సగము బాగుందని తాను ముందే చెప్పితిని గదా యని రోజారమణి. ఓడినవాడు లేని యుద్ధము లోకములో ఇదియొక్కటే.

ఓడినవాడు ఒక్కడుండెను. నీడలో కిషోర్ బాబు తల పట్టుకొని కూలబడెను.

"పర్వాలేదా? పర్వాలేదు అని పోస్టరు మీద వేస్తే ఎవరొస్తారండీ సినిమాకి? అదేదో బాగాలేదన్నా నయంగా ఉండేది!"

కామమ్మ పకపక నవ్వెను. కన్నులింకను తడిగనే యున్నవి.

"పిచ్చి నాయనా! పెళ్ళిచూపుల్లో నన్ను చూసి ఈ మనిషి ఏమన్నాడనుకున్నావు? వాళ్ళమ్మ అడిగితే 'పర్వాలేదు' అన్నాడు. మా పెద్దమ్మాయి పుడితే చేతుల్లోకి తీసుకోని 'పర్వాలేదు' అన్నాడు. పోయిన తుపానులో పడవ తిరగబడి, ఈదుకుంటా ఒడ్డున పడినాడు, ఎట్టుందయ్యా అంటే 'పర్వాలేదు' అన్నాడు. ఆ నోట్లోంచి అంతకన్నా పెద్దమాట ఇంతవరకు రాలా. ఇన్నేళ్ళనుంచి నా చేపల పులుసు తింటుండాడు. దానికి కూడా ఆ మాట అన్లా!" అనుచుండగనే ఆమెకు కొంచెము అసూయ కూడ కలిగెను. "నీ సినిమాకి అన్నాడు. పోయి రాసుకో, పెద్ద అక్షరాలతో రాసుకో!"

పడవలు కదలెను. ఐసు సగము కరగియే యుండెను. అందుచేత ఆ దినము ఎవరును దూరము పోలేదు, అందఱును పెందలకడనే తిరిగివచ్చిరి. దానికి కామమ్మ ఏమియు చింతింపలేదు. చిన్నపోలయ్య పడవ అలదాటునప్పుడు ఆమె నీటి అంచుకు పోయి, "పెందలాడే రా! మళ్ళా ఏడిపించబాకు!" అని కేకవేసెను. వేటకు పోవునప్పుడు ఎన్నడును ఒడ్డువైపు తిరుగని మనిషి, తిరిగి, గడ్డము ఎత్తెను.

శుక్రవారము వచ్చెను. కావలి హాలువారు పోస్టరును చూచి, ముందు నవ్వి, ఇట్టిది ఎన్నడును చూడలేదని, ప్రొద్దుటి ఆట ఇచ్చిరి. ఎఱ్ఱని పెద్ద అక్షరములతో 'పర్వాలేదు' అనియు, దాని క్రింద 'తూర్పుపాళెం ఊరంతా ఒక్కమాటగా' అనియు ఉన్న ఆ పోస్టరు, హాలు ప్రహరీగోడమీద, సరిగ్గా కామమ్మ బుట్ట దించుకొను చోట వెలసెను. వంజరము చేపను బేరమాడుచున్న పెద్దమనిషి ఒకడు తలయెత్తి పోస్టరును చూచెను. దానిమీద ఒక మూల ఏడ్చుచున్న మొగమును, ఎదుట చేప తూచుచున్న మొగమును, మార్చి మార్చి చూచెను.

"ఇది నువ్వేనా? ఎట్టుంటుందమ్మా ఈ సినిమా?"

కామమ్మ ఛాతీ పొంగెను. ఆ ఏడ్పు ఎక్కడిదో, గాలి లేచిన దినమేదో, తెరముందు కూర్చున్న ఒక మనిషికి ఆ రాత్రి మాట ఎందుకు రాలేదో, అంతయు నాలుక చివరకు వచ్చెను. కాని దురాయి దురాయియే. సినిమాలో ఏడ్చినదానికైనను అది తప్పదు. ఆమె తక్కెడను క్రింద పెట్టి, తల యెత్తి, కావలి వీథిలోని మేడ కిటికీలన్నియు తెఱచుకొనునట్లు పలికెను.

"పర్వాలేదు!"

ఆ మాటను ఆమె ఎట్లు పలికెనో నేను వ్రాయలేను. విన్నవాడు మాత్రము తూచిన వంజరమును తక్కెడలోనే విడిచి, తిన్నగా పోయి టిక్కెట్టు కొనెను. చేప బేరము పోయినది, సినిమాకు ఒక మనిషి దొరకెను. కావున లోకులారా, తూర్పుపాళెము గెలిచినది, కామమ్మ గెలిచినది, ఎవరు ఏమనుకొన్నను సరే, ఇది ఘనవిజయమని నేను చాటుచున్నాను!